కడప నుంచి సముద్రం మీదికి: తొలిసారి క్రూయిజ్ ఎక్కేవారికి ఒక సమీక్ష

చెన్నై ఓడరేవు నుంచి బయలుదేరి శ్రీలంక తూర్పు తీరం దాకా వెళ్లి వచ్చే కార్డీలియా అనే విహారనౌకల సంస్థ వారి ఎంప్రెస్ నౌకలో మా కుటుంబం ప్రయాణించింది. కడపకు తిరిగి వచ్చినప్పటి నుంచి బంధువులూ, కళాశాలలో నాతో పనిచేసేవారూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: అంత డబ్బు పెట్టి వెళ్లదగినదేనా? వెళ్లదగినదే అని నా అభిప్రాయం. అయితే అది అందరికీ ఒకేలా నప్పే యాత్ర కాదు కాబట్టి, ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో, మొదటిసారి ఎక్కేవారు ఏమేమి ముందే తెలుసుకోవాలో కొంచెం విడమరచి రాస్తున్నాను.

మన వైపు విహారయాత్ర అంటే చూసిన ఊళ్ల లెక్క. తెల్లవారుజామునే లేచి బస్సెక్కడం, ఒక గుడి, ఒక కోట, ఒక జలపాతం చూడడం, చీకటి పడ్డాక కొత్త ఊళ్లో కొత్త లాడ్జీకి సామాను మోయడం, మరునాడు మళ్లీ అదే వరుస. ఆ లెక్కతో ఓడ ఎక్కినవారికి రెండో రోజుకే అసంతృప్తి మొదలవుతుంది, ఎందుకంటే ఇక్కడ నేల మీద గడిపే గంటలు చాలా తక్కువ, ఓడలో గడిపే గంటలే ఎక్కువ. మా మామగారికి మోకాళ్ల నొప్పులు. తిరుపతి దాకా కారులో వెళ్లడానికి కూడా ఆయన ఆలోచిస్తారు. ఓడలో ఒకసారి గదిలో పెట్టె తెరిచి బట్టలు అలమరలో సర్దుకున్నాక, తిరిగి దిగేదాకా వాటిని కదిలించే పని ఆయనకు రాలేదు. భోజనశాలకు వెళ్లాలంటే లిఫ్టు ఉంది, పిల్లలు ఈతకొలను దగ్గర ఆడుతుంటే పై డెక్కు మీద నీడలో కూర్చుని చూసుకోవడానికి కుర్చీ ఉంది. మూడు తరాలవాళ్లు ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు తిరుగుతూ, మూడు పూటలా ఒకే బల్ల దగ్గర కలుసుకోగలిగిన యాత్ర మా ఇంట్లో అంతకుముందు జరగలేదు. మనం పెట్టే డబ్బు ప్రధానంగా ఈ సౌకర్యానికే అని గ్రహించినవారికి ధర ఎక్కువనిపించదు.

నౌక గురించి కొన్ని వివరాలు తెలిస్తే అంచనాలు సరిగ్గా ఉంటాయి. ఎంప్రెస్ కొత్త ఓడ కాదు. ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ నౌకా నిర్మాణశాలలో రాయల్ కరేబియన్ సంస్థ కోసం నిర్మించగా, 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అనే పేరుతో సేవలోకి వచ్చింది. కొన్ని రాత్రుల చిన్న యాత్రల కోసమే దీనిని రూపొందించారు. 2020లో రాయల్ కరేబియన్ దీనిని అమ్మివేసింది, 2021 సెప్టెంబరులో కార్డీలియా పేరుతో మన దేశంలో యాత్రలు మొదలయ్యాయి. పొడవు సుమారు 211 మీటర్లు, పరిమాణం 48 వేల గ్రాస్ టన్నులకు పైగా. (ఈ టన్నులు బరువును కాక, ఓడ లోపలి ఘనపరిమాణాన్ని సూచించే కొలత.) 2024లో సేవలోకి వచ్చిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' దాదాపు రెండు లక్షల 48 వేల గ్రాస్ టన్నుల నౌక. దాని వీడియోలు చూసి, నీటి జారుడుబండల ఉద్యానవనమూ, చెట్లతో నిండిన వీధులూ అన్ని ఓడల్లోనూ ఉంటాయని ఆశించకూడదు. ఎంప్రెస్‌లో గదులు చిన్నవి, బాల్కనీ ఉన్న గదులు కొద్దిగానే ఉన్నాయి. ఆ కాలంలో, ఆ అవసరానికి కట్టిన ఓడల తీరే అది. దానికి మరో వైపు కూడా చెప్పాలి. ఓడ మరీ పెద్దది కాకపోవడం వల్ల పెద్దవాళ్లకు దారులు త్వరగా అలవాటయ్యాయి. మా అత్తగారు మొదటి సాయంత్రం దాటేసరికి ఎవరి తోడూ లేకుండా గది నుంచి భోజనశాలకు వెళ్లి వచ్చేవారు.

గది ఎంపిక గురించి అందరూ ధర చూసే నిర్ణయిస్తారు. నేను ముందు ఓడ కదలికను చూడమంటాను. కిటికీ లేని లోపలి గది, సముద్రం కనిపించే కిటికీ గది, బాల్కనీ గది, సూట్ అని నాలుగు స్థాయిల ధరలు ఉంటాయి. అయితే ఓడ ముందు భాగమూ వెనక భాగమూ అలలకు ఎక్కువగా లేస్తూ పడుతూ ఉంటాయి. పైకి వెళ్లే కొద్దీ పక్కలకు ఊగడం ఎక్కువ తెలుస్తుంది. ఓడ మధ్య భాగంలో, కింది డెక్కులలో ఉన్న గదికి కదలిక అన్నిటికన్నా తక్కువ. ఆధునిక నౌకలకు నీటి కింద రెండు వైపులా రెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కల ఊగుడును బాగా తగ్గిస్తాయి గాని ముందు వెనకల ఎత్తుపల్లాలను ఆపలేవు. కాబట్టి కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఖరీదైన పై డెక్కు ముందు గదికన్నా చవకైన మధ్య గదినే కోరుకోవడం మంచిది. కిటికీ లేని గదిలో పగలో రాత్రో తెలియక కొందరికి గాభరా కలుగుతుంది. పెద్దవాళ్లకు కిటికీ గది తీసుకుని, పిల్లలతో మేము లోపలి గదిలో ఉన్నాము. ఆ ఏర్పాటు బాగా కుదిరింది.

వికారం విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కడపవాళ్లం సముద్రానికి దూరంగా పెరిగినవాళ్లం, అందరి మొదటి భయమూ అదే. కన్ను గది గోడలను చూసి ఏమీ కదలడం లేదని చెబుతుంటే, చెవి లోపలి సమతుల్యతా భాగం శరీరం ఊగుతున్నదని చెబుతుంది. ఈ రెండింటికీ పొసగక వచ్చే ఇబ్బందే ఓడ వికారం. అందుకే అది మొదలైనప్పుడు గదిలో ముసుగుతన్ని పడుకోవడం కన్నా డెక్కు మీదికి వచ్చి దూరాన సముద్రమూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ నిలబడితే ఉపశమనం కలుగుతుంది. మాత్రలు వికారం మొదలయ్యాక కన్నా ముందుగా వేసుకుంటేనే పనిచేస్తాయి. వాటివల్ల మగత వస్తుంది, రక్తపోటుకో మధుమేహానికో మందులు వాడే పెద్దవాళ్లు తమ వైద్యుణ్ని అడిగి తీసుకెళ్లడం అవసరం. ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండా తినడమూ మంచిది కాదు. మా కుటుంబంలో ఒక్క మా చిన్నమ్మాయికే మొదటి రాత్రి కాస్త ఇబ్బంది అయింది. అల్లం మురబ్బాతో, పై డెక్కు గాలితో తేరుకుంది.

ఋతువు కూడా ముఖ్యమే. నైరుతి ఋతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో ఈ నౌక చెన్నై వైపుకు వస్తుంది, వర్షాలు తగ్గాక ముంబయికి వెళ్లి గోవా, కొచ్చి, లక్షద్వీప్ యాత్రలు నడుపుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల భయం ఉంటుంది. ఇక్కడ కడపవాళ్లకు ఒక అనుకూలత ఉంది. ముంబయి–చెన్నై రైలు మార్గం మీదే మన ఊరు ఉండడం వల్ల రెండు రేవులకూ బండి మారకుండా చేరుకోవచ్చు. దసరా సెలవులకు ముంబయి నుంచి, వేసవి దాటాక చెన్నై నుంచి అని ఎంచుకునే వీలు చాలా జిల్లాలవారికి లేదు. 2023లో ప్రారంభమైన విశాఖ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా మన రాష్ట్రంలోనే ఉంది గాని, మనకు చెన్నై కన్నా అది చాలా దూరం.

ధర దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. మొదట మేము మా ఊళ్లోని ఒక ట్రావెల్ ఏజెంటును సంప్రదించాము. ఆయన చెప్పిన మొత్తం ఒకటి, కాగితం మీద రాసిమ్మన్నప్పుడు తేలిన మొత్తం మరొకటి. మనిషికి ఇంత అని చెప్పే ధర ఒక గదిలో ఇద్దరు ఉంటారనే లెక్కతో వేసినది, ఒంటరిగా వెళ్లేవారికి అది పెరుగుతుంది. దాని పైన ఓడరేవు రుసుములు, జీఎస్టీ, సిబ్బందికి చెందే సేవా రుసుము విడిగా చేరుతాయి. ఓడలోని దుకాణాలు, మద్యం, స్పా, కొన్ని ప్రత్యేక భోజనశాలలు, నేల మీద చూపించే బస్సు యాత్రలు, ఇంటర్నెట్ ఇవన్నీ సాధారణంగా టికెట్టులో ఉండవు. శ్రీలంకకు ప్రత్యేకంగా అనుమతులేవీ అక్కర్లేదని, ఓడవాళ్లే చూసుకుంటారని కూడా ఆ ఏజెంటు చెప్పారు. ఆ మాటను నమ్మకుండా మేమే అధికారిక వెబ్‌సైటులో చూసుకుని, ఆయనను వదిలేసి నేరుగా కంపెనీ దగ్గరే టికెట్లు తీసుకున్నాము. అన్నీ కలిపిన చివరి మొత్తాన్ని, రద్దు చేసుకుంటే తిరిగి వచ్చే మొత్తాన్ని రాతపూర్వకంగా తీసుకోకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వవద్దని మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

కాగితాల సంగతికి వస్తే, మన దేశపు రేవుల మధ్యే తిరిగే యాత్రకు ఫొటో గుర్తింపు కార్డు చాలు. విదేశీ రేవు ఒక్కటి ఉన్నా పసిపిల్లలతో సహా అందరికీ పాస్‌పోర్టు కావాలి, దాని గడువు ఇంకా ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండాలి. శ్రీలంక ఆన్‌లైనులో ఇచ్చే ఈటీఏ అనుమతి నియమాలు తరచూ మారుతూ వస్తున్నాయి కాబట్టి ప్రయాణానికి ముందు మళ్లీ సరిచూసుకోవాలి. కొత్త పాస్‌పోర్టు కోసం తిరుపతి దాకా పోనక్కర లేకుండా కడప తపాలా కార్యాలయంలోని సేవా కేంద్రంలోనే పని పూర్తవుతుంది. మా అత్తమామలది అక్కడే అయింది. లక్షద్వీప్ మన దేశంలోనిదే అయినా అక్కడ దిగడానికి ప్రవేశ అనుమతి తప్పనిసరి. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు చేరదు, సముద్రం మధ్యలో చిన్న పడవల్లోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ మెట్లు కష్టం కనుక, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఏ రేవులో నేరుగా దిగవచ్చో, ఎక్కడ పడవ మారాలో ముందే అడగాలి.

మన కుటుంబాల్లో దూరప్రయాణమంటే చిన్న రైస్ కుక్కరో, కరెంటు కెటిలో పెట్టెలో పడుతుంది. ఓడలో అవి నిషిద్ధం. ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు, అగరొత్తులు, కొవ్వొత్తులు కూడా అంతే. సముద్రం మధ్యలో అగ్నిప్రమాదం కన్నా పెద్ద ఆపద లేదు, అందుకే తనిఖీలో దొరికిన వాటిని పక్కన పెట్టి యాత్ర ముగిశాక ఇస్తారు. ఇంట్లో వండిన తినుబండారాలనూ సాధారణంగా అనుమతించరు. రోజూ వేసుకునే మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి, ఎందుకంటే రేవులో అప్పగించిన పెద్ద పెట్టెలు గది ముందుకు చేరేసరికి సాయంత్రం కావచ్చు. మన మూడు పిన్నుల ప్లగ్గు పట్టే చోట్లు అన్ని ఓడల్లోనూ ఉండవు కాబట్టి అడాప్టరు అవసరం. పై డెక్కు మీద రాత్రి గాలి చల్లగా ఉంటుంది, లోపల ఏసీ అంతకన్నా చల్లగా ఉంటుంది. పెద్దవాళ్లకు శాలువా మరవకూడదు.

ఎక్కే రోజున ఓడరేవులో గంటలు పడుతుందని మనసును సిద్ధం చేసుకోవాలి. సామాను తనిఖీ, గుర్తింపు తనిఖీ, విదేశీ రేవు ఉంటే ఇమిగ్రేషన్, ఆ తర్వాత ఫొటో తీసి ఇచ్చే కార్డు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వరసలు ఉంటాయి. ఆ కార్డే ఓడలో గది తాళంచెవి, పర్సు, హాజరుపట్టీ అన్నీ. డబ్బు చేతులు మారదు, ఏది కొన్నా కార్డు గీస్తారు, చివరి రోజున మొత్తం బిల్లు వస్తుంది. పిల్లల కార్డులపై ఖర్చు చేసే వీలును మొదటి రోజే ఆపించమని, బిల్లును రోజూ ఒకసారి చూసుకోమని నా సలహా. ఎక్కే ముందు భోజనం చేసి ఉండడమూ మంచిదే, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు.

ఓడ కదలడానికి ముందు జరిగే భద్రతా కసరత్తును కొందరు విసుగ్గా తీసుకోవడం చూసి నాకు బాధ కలిగింది. ఏడుసార్లు పొట్టిగా, ఆ తర్వాత ఒకసారి పొడవుగా మోగే ప్రమాద సంకేతం వినిపించినప్పుడు తమకు కేటాయించిన చోటికి వెళ్లి, ప్రాణరక్షక జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూడాలి. 2012 జనవరి 13న ఇటలీలోని జీలియో దీవి దగ్గర 'కోస్టా కాంకార్డియా' నౌక రాతిని ఢీకొని ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆ రోజే ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికింకా ఈ కసరత్తు జరగలేదు. అంతకుముందు ఓడ బయలుదేరిన 24 గంటలలోపు జరిపితే సరిపోయేది. 2015 నుంచి అంతర్జాతీయ నియమాలు మారి, బయలుదేరేముందు గాని బయలుదేరిన వెంటనే గాని జరిపి తీరాలి. ఆ పది ఇరవై నిమిషాలు ఫోను పక్కన పెట్టి, తమ గది నుంచి ఆ చోటికి మెట్ల దారిని పిల్లల చేయి పట్టుకుని ఒకసారి నడిచి చూడాలి. ఎంప్రెస్ సిబ్బంది ఈ విషయంలో చూపిన శ్రద్ధ, నిలబడలేని పెద్దవారికి కుర్చీలు తెచ్చి వేసిన మర్యాద నాకు బాగా నచ్చాయి.

భోజనం మనవాళ్లందరూ మొదట అడిగే సంగతి, దాని గురించి సంతోషంగా రాయగలను. ఈ ఓడ ప్రధానంగా భారతీయ ప్రయాణికుల కోసమే నడుస్తుంది కాబట్టి శాకాహారానికి లోటు ఉండదు, జైన భోజనం కూడా ఉంటుంది. పొద్దున ఇడ్లీ, దోసె, పోహా, పరాఠా, గుడ్లు, రొట్టెముక్కలు, మధ్యాహ్నం, రాత్రి అన్నం, పప్పు, రెండు మూడు కూరలు, పెరుగు, మిఠాయిలు. మా మామగారు పెరుగన్నం తినకుండా ఏ పూటా లేవలేదు, పెరుగు లేని పూటా రాలేదు. కారం మాత్రం అన్ని రాష్ట్రాలవారికీ సరిపోయేటట్టు మధ్యస్థంగా వేస్తారు. మన కారం దోసె రుచినో, సంగటిలోకి ఊరుమిండినో అక్కడ ఆశించడం న్యాయం కాదు. ప్రారంభ సమయానికే అందరూ రావడం వల్ల మొదటి అరగంట వరస పొడవుగా ఉంటుంది, కొంచెం ఆగి వెళితే పెద్దవాళ్లకు నిలబడే శ్రమ తప్పుతుంది. బుఫేలో కొండలా వడ్డించుకుని సగం వదిలేసిన పళ్లేలు చాలా బల్లల మీద కనిపించాయి. కరువు సీమ నుంచి వెళ్లినవాళ్లం మనం, మన పిల్లల పళ్లెంలోనైనా అది జరగకుండా చూసుకోవాలి. వేలమంది ఒకే చోట తినే ఓడల్లో వాంతులు, విరేచనాలు త్వరగా వ్యాపిస్తాయి. వాటికి తరచూ కారణమయ్యే నోరోవైరస్ మీద శానిటైజరు అంతగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడుక్కోవడమే సరైన రక్ష.

సాయంత్రాలు నాటకశాలలో సంగీత నృత్య ప్రదర్శనలు, ఇంద్రజాలం, పై డెక్కు మీద పాటలు, పిల్లలకు వేరే గది. ఎక్కువ భాగం హిందీలోనే నడుస్తుంది, పెద్దవాళ్లకు ఇంద్రజాలమే ఎక్కువ నచ్చింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, దాటితే దేశ ప్రాదేశిక జలాల హద్దు ముగుస్తుంది. ఫోను సిగ్నలు అంతకన్నా ముందే పోతుంది. ఆ తర్వాత ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కుకు ఫోను తానే కలిసిపోతే రోమింగు బిల్లు వేలల్లో రావచ్చు కాబట్టి ఫ్లైట్ మోడులో పెట్టడం తప్పనిసరి. ఇంటి దగ్గర ఉన్నవారికి కొన్ని రోజులు ఫోను కలవదని ముందే చెప్పి వెళ్లాలి.

రేవులో దిగిన రోజు శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీలో కోనేశ్వరాలయం చూశాము. ఫ్రెడరిక్ కోట లోపల, సముద్రంలోకి చొచ్చుకుపోయిన స్వామి కొండ మీద ఆ శివాలయం ఉంది. 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు పాత గుడిని కూల్చివేశారు, ఇప్పుడున్నది తరువాత కట్టినది. కోటలో చుక్కల దుప్పులు మనుషుల మధ్య నిర్భయంగా తిరుగుతుంటాయి. దేవుని కడపలో నిదానంగా ప్రదక్షిణ చేసుకునే అలవాటున్న మా అత్తగారికి అక్కడ ఇంకాసేపు కూర్చోవాలనిపించింది గాని, ఓడ బయలుదేరే సమయానికి ఎంతో ముందే అందరూ ఎక్కి ఉండాలి. కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా ఆటో మాట్లాడుకుని వెళ్లినవారి కోసం ఆగదు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవారు ధర కొంచెం ఎక్కువైనా కంపెనీ బస్సునే ఎంచుకోవాలి.

గర్భిణులకు 24 వారాలు దాటితే, శిశువులకు ఆరు నెలలు నిండకపోతే చాలా కంపెనీలు ప్రయాణానికి ఒప్పుకోవు. ఓడలో వైద్యుడు ఉంటాడు గాని రుసుము ఉంటుంది, పెద్ద శస్త్రచికిత్సలు అక్కడ కుదరవు. గుండెజబ్బు ఉన్నవారు ప్రయాణ బీమా లేకుండా ఎక్కవద్దు. ఇంకా పెద్ద ఓడ కావాలనుకునేవారికి సింగపూర్ నుంచి బయలుదేరే, 2016లో కట్టిన 'జెంటింగ్ డ్రీమ్' వంటివి ఉన్నాయి. 335 మీటర్ల ఆ ఓడలో భారతీయ శాకాహారమూ దొరుకుతుంది, కాని విమాన ఛార్జీలు కలుపుకుంటే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. సముద్రం తమకు పడుతుందో లేదో తెలియని కుటుంబం మొదటే అంత దూరం వెళ్లనక్కర లేదు, చెన్నై యాత్రతో మొదలుపెట్టడం మేలు.

తిరుగు ప్రయాణం టికెట్టు తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చివరి రాత్రి పెద్ద పెట్టెలను గది బయట పెట్టమంటారు, మందులూ మరునాటి బట్టలూ తీసి ఉంచుకోవాలి. ఓడ పొద్దున్నే రేవు చేరినా ఇమిగ్రేషన్, కస్టమ్స్, డెక్కుల వారీగా పిలిచి దింపడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం కావచ్చు. సెంట్రల్ స్టేషన్ ఓడరేవుకు దగ్గరే కదా అని ఉదయపు బండికి రిజర్వేషను చేయించుకున్న మన జిల్లావాళ్లు ఒకరు ఆ రోజు రేవులో పడిన ఆందోళన చూశాము. కడపకు సాయంత్రమో రాత్రో బయలుదేరే బండికి చేయించుకుంటే పెద్దవాళ్లు స్థిమితంగా భోజనం చేసి రైలెక్కగలుగుతారు.